వేదికపై వైర్‌లెస్ గిటార్: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళి సంగీత్, కాలేజీ ఫెస్ట్, చర్చి ఆరాధన, వినాయక చవితి పందిరి ముందు ఆర్కెస్ట్రా... ఇలాంటి వేదికల మీద గిటార్ వాయించేవాళ్ళు వైర్‌లెస్ కొన్న కొత్తలో అడిగే ప్రశ్నలివి. చాలా జవాబులు తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి. ఏ కంపెనీది కొన్నారన్నదానికంటే, గిటార్ దగ్గరి ట్రాన్స్‌మిటర్ పంపే సిగ్నల్‌ని అందుకునే రిసీవర్ ఎక్కడ పెట్టారు, దానికీ మీకూ మధ్య ఏం అడ్డముంది అన్నదే ముఖ్యం.

సౌండ్ చెక్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. జనం వచ్చాక తెగి తెగి వస్తోంది. ఎందుకు?

జనం వచ్చారు కాబట్టే. గిటార్ జాక్‌లో నేరుగా గుచ్చే చిన్న ట్రాన్స్‌మిటర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, అంటే 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్ ఉండేదీ అక్కడే. ఖాళీ హాల్లో ఆ దారి నిర్మానుష్యంగా ఉంటుంది. ఐదు వందల మంది వచ్చి కూర్చుంటే ఐదు వందల ఫోన్లు, స్మార్ట్ వాచీలు, ఇయర్‌బడ్స్ వాళ్ళతోపాటే వస్తాయి. కొందరు హాట్‌స్పాట్ కూడా పెట్టుకుంటారు.

దీనికి తోడు మన దేశంలో 4జీకి వాడే బ్యాండ్ 40 సరిగ్గా 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ వరకు ఉంది. మీ గిటార్ బ్యాండ్‌కి అది పక్కిల్లు. స్టేజీ ముందు నిలబడి లైవ్ పెడుతున్న ఫోను ఆ బ్యాండ్‌లో గట్టిగా ప్రసారం చేస్తుంటే, రెండడుగుల దూరంలో ఉన్న చవకరకం రిసీవర్ ఉక్కిరిబిక్కిరవుతుంది.

రెండో కారణం మనిషి శరీరమే. ఒంట్లో ఎక్కువ భాగం నీరు, నీరు ఈ తరంగాలను బాగా పీల్చేస్తుంది. మీరు వెనక్కి తిరిగి డ్రమ్మర్ వైపు నడిస్తే ట్రాన్స్‌మిటర్‌కీ రిసీవర్‌కీ మధ్య మీ ఒళ్ళే గోడ అవుతుంది. మధ్యాహ్నం ఖాళీ హాల్లో తరంగాలు గోడలకు, నేలకు తగిలి తిరిగొచ్చి ఎలాగోలా రిసీవర్‌ని చేరతాయి. సాయంత్రానికి ఆ దారులను జనం మూసేస్తారు.

మూడోది ఎల్ఈడీ వాల్. ఇప్పుడు పెళ్ళి స్టేజీల మీద కూడా అది తప్పనిసరి అయింది. దాని పవర్ సప్లైలు, డేటా కేబుళ్ళు రేడియో రొదను వెదజల్లుతాయి, ముఖ్యంగా యూహెచ్‌ఎఫ్ పరిధిలో (ఇక్కడ 600 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలు). సౌండ్ చెక్ అప్పటికి వాల్ ఇంకా ఆన్ చేసి ఉండరు. అందుకే ఆ పరీక్షను నమ్మడానికి లేదు. వాల్, లైట్లు, మిక్సర్ దగ్గరి వైఫై రూటర్ అన్నీ ఆన్ చేయించాకే స్టేజీ అంతా నడిచి చూడండి. ప్రతి మూలలో ఒకసారి వెనక్కి తిరగండి. ఖాళీ హాల్లోనే ఎక్కడైనా ఒక్క క్షణం తెగిందంటే, జనం వచ్చాక అక్కడ నిలబడకూడదని అర్థం.

మరి రిసీవర్ ఎక్కడ పెట్టాలి?

మీకు కనబడేచోట, మీకు దగ్గరగా, నేలకు ఎత్తులో. మీ నుంచి 3 నుంచి 5 మీటర్లు, ఛాతీ ఎత్తులో, మధ్యలో మనిషి అడ్డం రాకుండా ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు కూడా రద్దీ హాల్లో నిలబడతాయి. డబ్బా మీద రాసిన 30 మీటర్లు, 60 మీటర్లు అనే అంకెలు అడ్డు లేని ఖాళీ మైదానం లెక్కలు.

సాధారణంగా జరిగే తప్పు ఏమిటంటే, రిసీవర్‌ని హాలు చివర మిక్సర్ దగ్గర సౌండ్ వాళ్ళకు ఇచ్చేయడం. అప్పుడు మీకూ దానికీ మధ్య ప్రేక్షకులందరూ ఉంటారు. రిసీవర్‌ని స్టేజీ మీదే ఉంచి, దాని అవుట్‌పుట్‌ని డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని పొడుగు కేబుల్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) ద్వారా స్నేక్ కేబుల్‌లో, అంటే స్టేజీ నుంచి మిక్సర్‌కి వెళ్ళే లావు కేబుల్‌లో పంపండి. రేడియో దారి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. కేబుల్ ఎంత పొడుగైనా డీఐ చూసుకుంటుంది.

పెడల్‌బోర్డ్ (ఎఫెక్ట్స్ పెడల్స్ అమర్చిన పలక) మీద ఉండే రిసీవర్లతో చిక్కు, అవి నేలమీద ఉండటం. మానిటర్ వెడ్జ్ (వాయించేవాళ్ళు వినడానికి నేలమీద పెట్టే స్పీకర్) చాటున పడితే ఇంకా కష్టం. బోర్డుని మానిటర్ వెనక కాకుండా పక్కన పెట్టండి, లేదా రిసీవర్‌ని విడిగా మైక్ స్టాండ్‌కి కట్టి పొట్టి ప్యాచ్ కేబుల్‌తో బోర్డుకి కలపండి. ఇనప రేకు పెట్టెలో, యాంప్ వెనక, డిజిటల్ మిక్సర్ రూటర్‌కి ఆనించి పెట్టకండి. రూటర్ నుంచి కనీసం 3 మీటర్లు ఎడం ఉండాలి. ట్యాబ్‌తో మిక్సింగ్ చేసే ఇంజినీర్‌ని అడిగి రూటర్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్పిస్తే సగం తలనొప్పి పోతుంది. మార్చలేకపోతే కనీసం ఛానెల్ 1 గానీ 11 గానీ పెట్టమనండి. ఛానెల్ 6 కేంద్రం 2437 మెగాహెర్ట్జ్, దాదాపు బ్యాండ్ నడిమధ్యలో పడుతుంది. రూటర్‌ని ఒక చివరికి తోస్తే మీ సెట్‌కి రెండో పక్క ఖాళీగా దొరుకుతుంది.

రెండు యాంటెన్నాలున్న రిసీవర్‌కి ఒకదాన్ని ఎడమకి, ఇంకోదాన్ని కుడికి వాల్చి వీ ఆకారంలో ఉంచండి. ఒకదానికి అందనిది ఇంకోదానికి అందాలనే రెండు పెడతారు. రెండూ ఒకే దిక్కు చూస్తే ఆ ఉపయోగం తగ్గిపోతుంది.

2.4, 5.8, యూహెచ్‌ఎఫ్... ఏది కొనాలి?

వారానికోసారి చర్చిలో, చిన్న హాల్లో వాయించేవాళ్ళకు 2.4 చాలు. చుట్టూ వైఫై రద్దీ ఉండే కాలేజీలు, కన్వెన్షన్ హాళ్ళలో తరచూ వాయిస్తుంటే 5.8 గిగాహెర్ట్జ్ ప్రశాంతంగా ఉంటుంది. కాకపోతే దాని తరంగం ఇంకా పొట్టిది, సుమారు 5 సెంటీమీటర్లే. మనిషి అడ్డం వస్తే 2.4 కంటే త్వరగా చతికిలపడుతుంది. ఎదురెదురుగా, దగ్గరగా ఉండే స్టేజీకే అది పనికొస్తుంది. ష్యూర్ జీఎల్‌ఎక్స్‌డీ ప్లస్ లాంటివి రెండు బ్యాండ్లనూ వాడుకుంటూ, ఒకచోట రద్దీ పెరిగితే తమంతట తామే పక్కకి జరుగుతాయి.

పెద్ద స్టేజీలకు, రోజూ ప్రోగ్రాములుండే బృందాలకు ఇప్పటికీ యూహెచ్‌ఎఫ్‌దే పైచేయి. 600 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 50 సెంటీమీటర్లు. ఒంటిని చుట్టుకుని కూడా వెళ్తుంది. అయితే దానికి ఫ్రీక్వెన్సీ ఎంచుకునే ఓపిక కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే 700, 800 మెగాహెర్ట్జ్ సెట్లు మాత్రం కొనకండి. 703 నుంచి 803 మధ్య ఇప్పుడు 5జీ నడుస్తోంది. 824 నుంచి పైన కూడా మొబైల్ వాళ్ళ బ్యాండ్లే.

లైసెన్సు కావాలా?

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి 2005లో, 5.8తో సహా 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లకు 2018లో లైసెన్సు అవసరం తీసేశారు, నిర్ణీత పవర్ పరిమితి లోపల. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి పరికరానికి టైప్ అప్రూవల్ ఉండాలి. అధికారిక డీలర్ దగ్గర కొంటే అది వాళ్ళే చూసుకుని ఉంటారు. బయటి దేశం నుంచి బంధువులతో తెప్పించుకునే యూహెచ్‌ఎఫ్ సెట్ల విషయంలోనే జాగ్రత్త అవసరం.

ఆలస్యం తెలుస్తుందా? వేళ్ళకీ శబ్దానికీ తేడా వస్తుందా?

వైర్‌లెస్ ఒక్కదానివల్ల రాదు. ధ్వని గాలిలో 1 మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. బాస్ కంపెనీ డబ్ల్యూఎల్-20 సెట్ ఆలస్యం 2.3 మిల్లీసెకన్లు. అంటే మీ యాంప్ నుంచి ముప్పాతిక మీటరు వెనక్కి జరిగినట్టు. సెన్‌హైజర్ ఎక్స్‌ఎస్‌డబ్ల్యూ-డీ 4 మిల్లీసెకన్లలోపు, ఎక్స్‌వైవ్ యూ2 6 లోపు.

ఇబ్బంది కూడికల్లో వస్తుంది. డిజిటల్ వైర్‌లెస్‌కి 5, మల్టీ ఎఫెక్ట్స్‌కి 2 లేదా 3, డిజిటల్ మిక్సర్‌కి మరో 2, దాని తర్వాత చెవిలో పెట్టుకునే మానిటర్ కూడా డిజిటల్ వైర్‌లెస్ అయితే ఇంకో 4. మొత్తం 13, 14 మిల్లీసెకన్లు చెవిలోకే నేరుగా చేరతాయి. వేగంగా రిథమ్ కొట్టేవాళ్ళకు అక్కడ తడబాటు తెలుస్తుంది. అలాంటి గొలుసు ఉన్నవాళ్ళు 3 మిల్లీసెకన్లలోపు ఉన్న గిటార్ సెట్టే కొనాలి, లేదా చెవి మానిటర్‌ని అనలాగ్‌లో ఉంచుకోవాలి. డబ్బా మీద ఆలస్యం అంకె రాయలేదంటే దాన్ని పెద్దగానే ఊహించుకోండి.

బ్లూటూత్ అడాప్టర్‌తో పని జరగదా?

జరగదు. మామూలు బ్లూటూత్ ఆడియోలో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది. మీరు కొట్టిన స్ట్రోక్ తర్వాతి స్ట్రోక్ దగ్గర వినిపిస్తుంది.

కేబుల్ తీసేశాక నా గిటార్ టోన్ మారింది. పదును ఎక్కువైంది. సెట్ చెడిపోయిందా?

చెడలేదు. ఇన్నాళ్ళూ మీరు విన్నది గిటార్ ఒక్కటే కాదు, గిటారూ కేబులూ కలిసిన టోన్. గిటార్ కేబుల్‌కి మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. 6 మీటర్ల కేబుల్ అంటే 600. అది పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) కాయిల్‌తో కలిసి పై స్వరాలను కొంత మింగేస్తుంది. ట్రాన్స్‌మిటర్ అయితే 1 మెగాఓమ్ దగ్గర్లో ఉండే ఇన్‌పుట్‌తో పికప్‌ని తాకుతుంది, మధ్యలో కేబులే లేదు. అందుకే మొత్తం పదునూ బయటికొస్తుంది. కొన్ని సెట్లలో ‘కేబుల్ టోన్’ స్విచ్ ఉంటుంది, ఆ మింగుడుని నకలు చేస్తుంది. డబ్ల్యూఎల్-20లో స్విచ్ లేకుండానే ఆ నకలు ఉంది, డబ్ల్యూఎల్-20ఎల్‌లో లేదు. ఆ ఎల్ రకం యాక్టివ్ పికప్‌లకూ (బ్యాటరీతో సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ ఉన్నవి) అకౌస్టిక్ గిటార్లకూ ఉద్దేశించింది. కొనేటప్పుడు ఈ ఒక్క అక్షరం చూసుకోండి. స్విచ్ లేకపోతే యాంప్‌లో ట్రెబుల్ కొద్దిగా తగ్గించుకుంటే సరిపోతుంది.

ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెడల్) వాడేవాళ్ళది వేరే కథ. ఫజ్ ఫేస్ తరహా సర్క్యూట్లు పికప్‌తో నేరుగా ముడిపడి పనిచేస్తాయి. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ఫజ్ శుభ్రపడటం ఆ ముడివల్లే. మధ్యలో వైర్‌లెస్ వస్తే ముడి తెగి, ఫజ్ కరకరలాడుతుంది. పికప్ సిమ్యులేటర్ పెడల్‌ని రిసీవర్‌కీ ఫజ్‌కీ మధ్య పెడితే చాలావరకు తిరిగొస్తుంది. ఫజ్‌తోనే బతికేవాళ్ళయితే మా సలహా కేబులే.

గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఎలా సరిచేసుకోవాలి?

గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెంచండి, అన్నింటికంటే గట్టి పికప్‌కి మార్చండి, ప్రోగ్రాంలో ఎంత గట్టిగా కొడతారో అంతకంటే కాస్త గట్టిగా కొట్టండి. ట్రాన్స్‌మిటర్ క్లిప్ లైటు (సిగ్నల్ మితిమీరిందని చెప్పేది) వెలిగితే ఆరేదాకా ఇన్‌పుట్ గెయిన్ తగ్గించండి. అక్కడితో ట్రాన్స్‌మిటర్ పని అయింది, ఇక దాన్ని ముట్టుకోకండి.

ఇప్పుడు రిసీవర్ అవుట్‌పుట్. ఒకే కార్డ్‌ని ముందు కేబుల్‌తో, వెంటనే వైర్‌లెస్‌తో కొట్టి, రెండూ ఒకే మోతగా వచ్చేదాకా సర్దండి. ఓవర్‌డ్రైవ్ పెడల్ ఆన్ చేసి పోల్చితే తేడా బాగా తెలుస్తుంది. వైర్‌లెస్ గట్టిగా ఉంటే డ్రైవ్ ఎక్కువ పలుకుతుంది. రిసీవర్ వెనక మైక్, ఇన్‌స్ట్రుమెంట్, లైన్ స్విచ్ ఉంటే పెడల్‌బోర్డ్‌కి ఇన్‌స్ట్రుమెంట్. ఎక్స్‌ఎల్ఆర్ నుంచి నేరుగా మిక్సర్‌కి వెళ్తుంటే ఆ ఛానెల్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకు కేబుల్‌లోనే పంపే పవర్) ఆపించండి.

యాక్టివ్ పికప్ ఉన్న గిటార్‌లో సన్నగా కీచుమంటోంది.

గుచ్చే రకం ట్రాన్స్‌మిటర్లలో ఇది తెలిసిన జబ్బే. ట్రాన్స్‌మిటర్‌లోని డిజిటల్ రొద గ్రౌండ్ ద్వారా గిటార్‌లోని ప్రీయాంప్‌కి ఎక్కుతుంది. 15 సెంటీమీటర్ల పొట్టి కేబుల్‌తో ట్రాన్స్‌మిటర్‌ని జాక్‌కి ఎడంగా ఉంచితే కొన్నిట్లో తగ్గుతుంది. తగ్గకపోతే యాక్టివ్ గిటార్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసిన సెట్ గానీ, నడుముకి పెట్టుకునే బాడీప్యాక్ గానీ వాడాలి.

ఇంకో సంగతి. యాక్టివ్ గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీని ఆన్ చేసే స్విచ్ జాకే. ట్రాన్స్‌మిటర్ గుచ్చి గిటార్‌ని పెట్టెలో పెట్టేస్తే రాత్రంతా బ్యాటరీ కరిగిపోతుంది. వాయించడం అయ్యాక పీకేయండి.

అకౌస్టిక్ గిటార్‌కి, స్ట్రాట్‌కి (స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్) ట్రాన్స్‌మిటర్ సరిగా కూర్చోవడం లేదు.

స్ట్రాట్ జాక్ లోపలికి దిగి ఉంటుంది. మడత తిరిగే ప్లగ్ ఉన్న ట్రాన్స్‌మిటర్ మాత్రమే అందులో ఇముడుతుంది. అకౌస్టిక్‌లో జాక్ బెల్ట్ గుబ్బలోనే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్ కిందికి పొడుచుకొస్తుంది. గిటార్‌ని కుర్చీకి ఆనించినప్పుడు దాని మీద బరువు పడి జాక్ వదులవుతుంది. అకౌస్టిక్‌కి బాడీప్యాకే మేలు. కేబుల్‌ని బెల్ట్ లోంచి ఒక చుట్టు తిప్పి జాక్‌లో పెట్టండి, లాగినా ఊడదు. ప్యాక్‌ని బెల్టు మీద వీపు వైపు పెట్టండి, జేబులో వద్దు. యాంటెన్నా చర్మానికి తగలకూడదు, మడత పడకూడదు, చెమటలో నానకూడదు.

పాటగాడి కాలర్ మైక్ బాడీప్యాక్‌నే గిటార్‌కి పెట్టొచ్చా?

సరైన గిటార్ కేబుల్ ఉంటే పెట్టొచ్చు. నాలుగు పిన్నుల మినీ సాకెట్ ఉన్న ష్యూర్ ప్యాక్‌కి డబ్ల్యూఏ302 అనే కేబుల్, 3.5 మిల్లీమీటర్ల మరసాకెట్ ఉన్న సెన్‌హైజర్ ప్యాక్‌కి సీఐ1-ఎన్ కావాలి. ఇంట్లో ఊహించి సోల్డర్ చేయకండి. ఆ సాకెట్‌లో కాలర్ మైక్ కోసం వోల్టేజి ఉంటుంది, గిటార్ సిగ్నల్‌ని ఆ వోల్టేజి లేని పిన్నుకే కలపాలి.

ఒకే స్టేజీ మీద ఎన్ని పెట్టొచ్చు?

2.4లో నాలుగైదు దాటితే అదృష్టం మీద ఆధారపడాలి. యూహెచ్‌ఎఫ్‌లో ఎక్కువ పెట్టొచ్చు, కానీ ఫ్రీక్వెన్సీలను సమాన దూరంలో పేర్చకండి. 600.0, 600.4 మెగాహెర్ట్జ్‌లో రెండు ట్రాన్స్‌మిటర్లు పక్కపక్కన ఉంటే వాటి కలయికలో 600.8 దగ్గర దొంగ సిగ్నల్ పుడుతుంది. 600.4ని రెట్టింపు చేసి 600.0 తీసేస్తే వచ్చే అంకె అది. మూడో గిటార్‌ని అక్కడే పెట్టారంటే చిక్కే. కంపెనీ ఇచ్చిన గ్రూపుల్లోంచి ఒకే గ్రూపులోని ఛానెళ్ళు వాడితే ఈ లెక్క వాళ్ళే చేసి పెట్టి ఉంటారు.

స్కాన్ చేసే పద్ధతి: మీ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆపి మొదటి రిసీవర్‌తో స్కాన్ చేయండి. దాని ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి అలాగే ఉంచండి. అప్పుడు రెండోది స్కాన్ చేయండి. అన్నీ ఒకేసారి స్కాన్ చేస్తే రెండు సెట్లు ఒకే ఖాళీని చూసి అందులోనే కూర్చుంటాయి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

సెట్‌ని బట్టి 5 గంటల నుంచి 16 గంటల దాకా. పెళ్ళి ఆర్కెస్ట్రా వాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సౌండ్ చెక్ సాయంత్రం 4కి, ప్రోగ్రాం రాత్రి 9కి అయితే, మధ్యలో ఆపకుండా వదిలేసిన 5 గంటల ట్రాన్స్‌మిటర్ మొదటి పాటకే చచ్చిపోతుంది. పెన్సిల్ సెల్స్ రకమైతే ప్రతి ప్రోగ్రాంకీ కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయండి. రీఛార్జబుల్ సెల్స్‌కి 1.2 వోల్టులే ఉంటాయి కాబట్టి బ్యాటరీ లైటు మొదటినుంచీ సగమే చూపించవచ్చు. మెనూలో సెల్ రకం మార్చే వీలుంటే మార్చండి.

రిసీవర్‌ని పెడల్‌బోర్డ్ పవర్‌కి కలిపితే హమ్ వస్తోంది.

ఒకే వైరు నుంచి అన్ని పెడల్స్‌కీ గొలుసుగా పవర్ ఇస్తే డిజిటల్ రిసీవర్ రొద మిగతావాటిలోకి పాకుతుంది. దానికి విడి ఐసొలేటెడ్ (మిగతావాటితో కలవని) అవుట్‌పుట్ ఇవ్వండి. దానికి కావలసిన మిల్లీయాంపులు లేబుల్ మీద చూడండి. సరిపోకపోతే రిసీవర్ ఆగి ఆగి మొదలవుతుంది, దాన్ని చాలామంది సిగ్నల్ తెగడమనుకుంటారు. ప్లగ్ పోలారిటీ కూడా అక్కడే ఉంటుంది.

మైక్‌కి పెదవి తగిలితే షాక్ కొడుతోంది. వైర్‌లెస్ పెడితే పోతుందా?

గిటార్ వైపు దారి తెగుతుంది కాబట్టి ఆ షాక్ పోతుంది. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్ గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. యాంప్ ఒక లైను మీద, మిక్సర్ ఇంకో జనరేటర్ మీద ఉండి ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ రెండిటి మధ్య వోల్టేజి మీ చేతి నుంచి పెదవికి పారుతుంది. ఇది చిన్న విషయం కాదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్ట్ లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైక్‌ని తాకి వేదిక మీదే ప్రాణాలు కోల్పోయాడు. 1976లో ఫ్లోరిడాలో కిస్ బృందం గిటారిస్ట్ ఏస్ ఫ్రేలీకి మెట్ల రెయిలింగ్ తగిలి షాక్ కొట్టింది. ఆ తర్వాతే ఆ బృందం వైర్‌లెస్‌కి మారింది.

అలాగని ఎర్తింగ్‌ని వదిలేయకండి. కీబోర్డ్ వాయించే మీ తమ్ముడికి, కేబుల్‌తో ఉన్న బేస్ అన్నకి ఆ షాక్ అలాగే ఉంటుంది. వాయించే ముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టేజిలో పెట్టి ఒక మొన మైక్ జాలీకి, ఇంకోటి కేబుల్‌తో ఉన్న గిటార్ తీగకి తాకించండి. కొద్ది వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా స్టేజీ ఎక్కకండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరిచిన ప్లగ్గుని ఎవరూ వాడనివ్వకండి.

బేస్, మాండలిన్, వీణకి?

బేస్‌కి సెట్ కింది పరిధి చూడండి. ఐదు తీగల బేస్‌లో అడుగు తీగ సుమారు 31 హెర్ట్జ్. 20 హెర్ట్జ్ దాకా అందుకుంటుందని రాసి ఉంటే నిశ్చింత. పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతంలో నిలబెట్టిన ఎలక్ట్రిక్ మాండలిన్‌కి గిటార్ సెట్ చక్కగా పనిచేస్తుంది. వీణ, వయొలిన్‌ల మీద అతికించే పియెజో పికప్‌కి ప్రీయాంప్ లేకపోతే 1 మెగాఓమ్ ఇన్‌పుట్ చాలకపోవచ్చు, శబ్దం పలచబడుతుంది. మధ్యలో ప్రీయాంప్ పెట్టాలి. అయినా కూర్చుని వాయించే కచేరీలో కేబుల్ ఎవరికీ అడ్డురాదు. అక్కడ వైర్‌లెస్‌కి ఖర్చు పెట్టడంకంటే మంచి ప్రీయాంప్‌కి పెట్టడం మేలు.

పాట మధ్యలో ఆగిపోతే?

ముందే సిద్ధంగా ఉండాలి. రెండు ఇన్‌పుట్ల ఏబీ స్విచ్ పెడల్ ఒకటి తీసుకుని, ఒకదానికి రిసీవర్, ఇంకోదానికి 6 మీటర్ల కేబుల్ కలిపి ఉంచండి. కేబుల్ రెండో కొస మైక్ స్టాండ్‌కి చుట్టి ఉండాలి, సంచిలో కాదు. ఆగిన వెంటనే ట్రాన్స్‌మిటర్ పీకండి, కేబుల్ గుచ్చండి, అప్పుడు స్విచ్ తొక్కండి. ఈ వరుస తప్పితే స్పీకర్లలో ఢామ్మంటుంది. ఇంట్లో పదిసార్లు చేస్తే పల్లవి తిరిగొచ్చేలోపు అయిపోతుంది.

తర్వాత తీరిగ్గా లైట్లు చూడండి. ట్రాన్స్‌మిటర్ లైటు ఆరిపోతే బ్యాటరీ. రెండిటికీ లైట్లున్నా శబ్దం లేకపోతే మ్యూట్ గానీ, జాక్ గానీ. ట్రాన్స్‌మిటర్ వెలుగుతూ రిసీవర్‌లో సిగ్నల్ లైటు ఆరితే దారిలో అడ్డు, లేదా రద్దీ. డిజిటల్ సెట్ ముందు హెచ్చరించదు, ఉన్నట్టుండి నిశ్శబ్దమవుతుంది. అనలాగ్ అయితే ముందు బుసబుసమని చెబుతుంది.

అమెరికాలో తెలుగు సంఘాల ప్రోగ్రాంకి నా సెట్ తీసుకెళ్ళొచ్చా?

2.4 అయితే నిశ్చింతగా. యూహెచ్‌ఎఫ్ అయితే ముందు ఫ్రీక్వెన్సీ చూడండి. అక్కడ 617 నుంచి 652, 663 నుంచి 698 మెగాహెర్ట్జ్ వైర్‌లెస్ మైకులకు 2020 జూలై 13 నుంచి నిషిద్ధం. 700 బ్యాండ్ 2010లోనే పోయింది. మీ సెట్ ఆ పరిధిలో పడితే అక్కడి సౌండ్ కంపెనీనే ఒకటి అద్దెకి అడగండి. విడి లిథియం బ్యాటరీలు చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతిసంచిలో ఉంచుకోండి.